నలభై మూడో పేజీ

పత్తికొండ పాత బస్టాండు ఎదురుగా
కాశింవలి బుక్ స్టాల్ అంటే ఎవురైనా చూపిస్తారు.
నేనే కాశింవలిని.
ఎర్రగుడ్డ అట్టేసిన ఈ పద్దు పుస్తకంలో
నలభై మూడో పేజీ ఎవురిదో చెప్తా, కూర్చోండి.

జూన్ ఇరవై: చాక్‌పీసులు ఆరు డబ్బాలు.
అదే దినం హాజరు పట్టీలు పది.
ఒకదాని అంచు చినిగింటే రెండ్రూపాయలు తగ్గించినా.
జూలైలో బీగాలు రెండు. పాతవి ఎవురో పెరికినారంట,
లోపల ఏముందని పెరికినారో ఆ దొంగకే తెలియాల.
ఆగస్టు: ఫినాయిలు, పొరకలు,
ఆడపిల్లోళ్ల మరుగుదొడ్డికి బకెట్టు, చెంబు.
బుక్ స్టాల్‌లో బకెట్టెందుకని అడగొద్దు.
పక్కంగట్లో నగదిచ్చి తెచ్చి
నా పద్దులో రాసుకున్యా.

పైన పేరు: హైస్కూలు, ఉరుకుందప్ప సారు.
సారుది ఎప్పుడూ ఒకే మాట,
"గ్రాంటు పడతానే ఇస్తా కాశీం."

గ్రాంటంటే ఏందో తెలియాలంటే
తొలకరికి తుగ్గలి చేలల్లోకి పోండి.
వాన కడిగిన ఎర్రనేల మీద
నడుములు వంచి ఊర్లకూర్లు
వజ్రం కోసం ఎతుకుతుంటాయి.
అందరూ విన్నోళ్లే.
దొరికినోడు మాత్రం
ఎప్పుడూ పక్కూర్లోనే ఉంటాడు.

ఆ వారమంతా తొమ్మిదో తరగతి సగం ఖాళీ.
సారు మోటారుసైకిలేసుకొని పోయి
గట్టు మీద నిలబడి పేరు పేరునా పిలుస్తాడు.
తలెత్తినోళ్లకు హాజరు.

ఒక ఏడు నిజంగానే పడింది గ్రాంటు.
మార్చి ముప్పై ఒకటి, సాయంత్రం నాలుగున్నరకు.
పుట్టిన బిడ్డ ఫోటో చూపించినట్టు
ఫోన్లో మెసేజి చూపించినాడు సారు.
సోమలింగ నెట్ సెంటర్లో ఇద్దరం కూర్చున్యాం.
సర్వరు తిరుగుతాంది, తిరుగుతాంది,
నూనె రాని గానుగ మాదిరి.
మూడు పొట్లాల బొరుగులు అయిపోయినాయి.
పన్నెండు కొట్టంగనే
దుడ్లు వచ్చిన దావనే ఎనక్కి పోయినాయి.
చుట్టమన్నా ఒక పూట తిని పోతాడు గదా.

మే నెలలో పైనుంచి కాగితం:
విడుదల చేసిన సొమ్మును ఎట్లు వెచ్చించితిరో
బిల్లులతో సహా మూడు దినములలో తెలుపవలెను.
సారు నవ్వలేదు.
నవ్వింది నేనే,
ఆయన మొగం చూసి మధ్యలో ఆపేసినా.

ఆ పరీక్షలప్పుడే అనుకుంటా,
ఎనిమిదో తరగతి ఉలిగెమ్మ వచ్చింది అంగడికి.
"మామా, ఇరిగిన చాక్‌పీసులైనా సరేనన్నాడు సారు.
రాసేటప్పుడు ఎట్లా ఇరుగుతాయి గదా అన్నాడు."
మంచి డబ్బానే ఇచ్చినా.
ఇరిగినవని రాసినా.

మా నాయన దూదేకేటోడు.
పరుపులు ఎన్ని కుట్టిందీ
గోడ మీద బొగ్గుతో గీతలు గీసేటోడు.
సున్నం కొట్టిన ఏడు
లెక్కంతా పోయింది.
అందుకే నన్ను ఆ బడిలో ఏసినాడు.
ఆ బడి నేర్పిన అంకెలతోనే
ఆ బడి బాకీ రాస్తుండా ఇప్పుడు.

పోయిన నెల సారుకు ఆలూరు పక్కకు బదిలీ.
సామాను ఆటోలో పెట్టి అంగడికొచ్చినాడు.
"నలభై మూడు తియ్.
బడి పేరు కొట్టేసి నా పేరొకటే ఉంచు.
నెలకింత పంపిస్తా."
ఆరు వేల ఎనిమిది వందల నలభై.
పెన్ను తీసుకుని
సారు పేరే కొట్టేసినా.
ఆయన ఏమీ అనలేదు.
ఆటోవాడు హారను కొడతానే ఉన్నాడు.

ఇంగ సర్కారు నాకు అచ్చంగా బాకీ.
ఊర్లో ఈ మాట గొప్పగా చెప్పుకుంటాండ్య.
మొన్న కరెంటు బిల్లు నాలుగు దినాలు ఆలస్యమైతే
వచ్చిన లైన్‌మ్యాన్‌కూ చెప్పినా,
"మీవోళ్లే నాకియ్యాల, అందులో పట్టుకోండి" అని.
ఓపిగ్గా విన్నాడు.
విని, ఫ్యూజు పీక్కొని పోయినాడు.

స్టడీ అవరు ఇడిసినంక ఉలిగెమ్మ మళ్లీ వచ్చింది.
కొత్త మేడమ్ పంపించిందంట.
అంగట్లో చీకటి.
"టార్చి పట్టుకో పాప" అని చెప్పి
పేజీ తిప్పి రాసినా:
చాక్‌పీసులు, రెండు డబ్బాలు.